లేని మీట

కత్‌బర్ట్ రెయిన్ ఇరవై ఏళ్లు కరెంటు ఇంజన్ నడిపాడు. ఇంగ్లండులో షిల్డన్ నుంచి న్యూపోర్ట్ దాకా లాగేది బొగ్గే అయినా, తెల్ల కాలర్ నలగకుండా ఇంటికొచ్చేవాడు. పొగబండి వాళ్లు కుళ్లుకుని అతన్ని పెళ్లికొడుకని పిలిచేవారు. 1935లో బొగ్గు గిరాకీ పడిపోయి పట్టాల పైనున్న కరెంటు తీగలు పీకేశారు. కరెంటు ఇంజన్లను షెడ్డులోకి తోసేసి, పెళ్లికొడుకును మళ్లీ పొగబండి ఎక్కించారు.

బొగ్గు వేసేవాడు అతని బావమరిది మాటీ. మొదటిరోజు దారి పొడుగునా ఎగతాళి చేయడం వదల్లేదు.

"బావా, ఇది పొయ్యి. స్విచ్చి వేస్తే వెలగదు."

"నీ పార సంగతి నువ్వు చూసుకో."

"ఆ కాలర్ చూసి మా అక్క ఏడుస్తుంది ఇవాళ."

"అయితే నువ్వే ఉతికిపెట్టు."

న్యూపోర్ట్ యార్డులో కత్‌బర్ట్ ఇంజన్ని కాస్త వెనక్కి నెట్టి ఆపాడు. అలా వదులైన కొక్కెం తీసి ఇంజన్ని వ్యాగన్ నుంచి విడదీయడానికి మాటీ దిగి, రెండింటి మధ్య దూరాడు. కత్‌బర్ట్ ఆవిరి కట్టేశాడు. అలవాటు కొద్దీ చెయ్యి తలకు పైన గాల్లోకి వెళ్లింది. కరెంటు ఇంజన్లో అక్కడొక మీట ఉండేది. అది లాగితే ఇంజన్ తీగను వదిలేసి, చచ్చినట్టు పడుండేది. ఇక్కడ ఆ మీట లేదు. అయినా చెయ్యి తన పని చేసేసింది, మనసు కుదుటపడింది. చేతి బ్రేకు బిగించకుండానే టీ డబ్బా మూత తీశాడు.

పొగబండి అలా చావదు. నిప్పున్నంతసేపూ ఆవిరి ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది, చక్రాలు కదలడానికి అది చాలు.

టీ ఒలికి వేళ్లు చుర్రుమన్నాయి. ఇంజన్ వెనక్కి కదులుతోంది.

"బావా, ఆపు!"

చెయ్యి మళ్లీ పైకే వెళ్లింది. గాలిని పట్టుకుని లాగాడు. ఇంకోసారి లాగాడు. బ్రేకు గుర్తొచ్చి తిప్పేలోపే ఇంజన్‌కీ వ్యాగన్‌కీ అంచున ఉండే ఇనుప బఫర్లు ఢీకొన్న చప్పుడు వినబడింది.

భయం కన్నా ఎక్కువగా, తన చెయ్యే తనను మోసం చేసిందన్న సంగతి అతన్ని నిలువునా కూల్చేసింది.

మాటీ పట్టాల మధ్య బోర్లా పడుకుని బతికిపోయాడు. బఫర్ల మధ్య నలిగిన టోపీ పట్టుకుని పైకొచ్చి, బ్రేకు తనే మరో చుట్టు బిగించాడు. ఎగతాళి చేయలేదు.

"మా అక్కకి ఏం చెప్పేవాడివి?" అన్నాడు మెల్లగా.

కత్‌బర్ట్ ఆ టోపీ తీసుకుని, యార్డు ఫోర్‌మన్ గదికి నడిచాడు.

"అయ్యా, ఇక నన్ను ఇంజన్ ఎక్కించకండి."

"ఏం పెళ్లికొడుకా, కాలర్ మాసిందా?" ఫోర్‌మన్ నవ్వాడు.

కత్‌బర్ట్ టోపీ బల్లమీద పెట్టాడు. ఫోర్‌మన్ చటుక్కున లేచాడు.

"మాటీ ఏడీ?"

"బయట ఉన్నాడు. బతికే ఉన్నాడు," అన్నాడు కత్‌బర్ట్. "వాడు బతికాడంటే, అందులో నేను చేసిందేమీ లేదు."