నాన్నగారి కోపం

రోజూ ఉదయం లేచేసరికి ఆనాటి వేషం ఆయన ముఖం మీదకి వచ్చేసి ఉండేది. గుమాస్తా అయితే గుమాస్తా, రోగి అయితే రోగి. "ఇవాళ దగ్గుతారా?" అని భార్య ముఖం చూసి అడిగి, తగ్గ చొక్కా తీసిచ్చేది. నలభై ఏళ్లుగా సినిమాల్లో అన్నీ చేతులు జోడించే తండ్రుల వేషాలే. స్టూడియోలో అందరికీ ఆయన నాన్నగారు.

సాయంత్రం ఆ ముఖం తీయడం మాత్రం మేకప్ ఆవిడ ఒక్కదానికే చేతనయ్యేది. గోరువెచ్చని నీళ్లతో, దూదితో, ఓపిగ్గా తుడిచేది.

"ముఖం దానంతటదే వస్తుంటే ఈవిడెందుకండీ, దండగ!" అంటూ కొత్తగా వచ్చిన మేనేజరు ఆవిడని పంపించేశాడు. సరిగ్గా ఆ రోజే ఆయనకి తొలిసారి దుర్మార్గుడి వేషం: కోడల్ని గెంటేసే మామగారు. సాయంత్రం సబ్బు అరిగింది గానీ ముఖం కదల్లేదు.

తలుపు తీసిన భార్య రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనేం తప్పు చేశానండీ?"

ఆ మాటకి ఆయన కడుపు మండిపోయింది.

మర్నాడు అదే ముఖంతో తిన్నగా మేనేజరు గదికి వెళ్లాడు.

"నాన్నగారూ, ఇవాళ మీరు చెంపదెబ్బ తినే సీను కదా, ఈ ముఖమేంటి?"

"మేకప్ ఆవిడేదీ?"

"కూర్చోండి, మాట్లాడుకుందాం..."

"నలభై ఏళ్లు కూర్చున్నాను. నువ్వు లేవరా!"

మేనేజరు లేచాడు.

"మీ హీరోలు కొడితే దెబ్బ వేషం తింది అనుకున్నారా? చెంప నాదిరా! వాచిన ప్రతిసారీ తడిగుడ్డ వేసింది ఆవిడ. ఆవిడ దండగా?"

మేనేజరు స్వయంగా కారేసుకెళ్లి ఆవిడని తీసుకొచ్చాడు.

ఆవిడ తుడుస్తుంటే మామగారి కనుబొమలు, వంకర పెదవి గిన్నెలోకి జారిపోయాయి. బిగుసుకున్న దవడ, కళ్లలో ఎరుపు మాత్రం పోలేదు. మూడుసార్లు నీళ్లు మార్చి, దూది పక్కన పెట్టేసింది.

"ఇది వేషం కాదు నాన్నగారూ, మీదే. నా వల్ల కాదు."

"వద్దులే, ఉండనీ."

అలాగే వెళ్లి లైట్ల కింద నిలబడ్డాడు. చెయ్యెత్తిన హీరో ఆ ముఖం చూశాడు. ఎత్తిన చేతిని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. దర్శకుడు మళ్లీ కొట్టమనలేదు. ఆ పూటే ఆ సీను కథలోంచి కొట్టేశారు. చెంపదెబ్బలు తినే తండ్రి కావాలంటూ ఆ తర్వాత ఆయన గుమ్మం ఎవరూ ఎక్కలేదు.