మూడో స్తంభం కింద

అమెరికాలోని విస్కాన్సిన్ నదిలో చేపలు పట్టేవాళ్లు మామూలుగా మంచివాళ్లే. మంచులో కారు కూరుకుపోతే, పిలవకపోయినా వచ్చి తోసిపెడతారు. చేపలు ఎక్కడ పడ్డాయని మాత్రం అడగకూడదు. అడిగితే కన్నతల్లికైనా అబద్ధమే చెబుతారు.

ఆరిన్ కూడా జీవితమంతా అలాగే చెబుతూ వచ్చాడు. పాత రైలు వంతెన మూడో స్తంభం కింద, నీళ్లలో మునిగిన రాళ్లగుట్ట ఒకటుంది. పొద్దువాలే వేళకు వాలై చేపలు లోతు వదిలి ఆ రాళ్ల మీదికి మేతకొస్తాయి. వాటి వెంబడే బాస్ చేపలూ చేరతాయి. ఈ సంగతి ఆరిన్‌కీ, అతని నేస్తం లైల్‌కీ తప్ప మూడోవాడికి తెలియదు. మొన్న మంచు కరిగే రోజుల్లో లైల్ పోయాడు. ఒక్కడే దాచుకోవాల్సిన రహస్యమంత దండగమారిది ఇంకోటి ఉండదు.

ఆ సాయంత్రం జలగను గుచ్చి గాలం వేశాడో లేదో, వాలై పట్టింది. ఆ తర్వాత ఓ బాస్ నీళ్లు చిమ్ముకుంటూ పైకెగిరింది.

"చూశావా దాని పొగరు!" అన్నాడు ఆరిన్.

పడవలో ముందు బల్ల ఖాళీగా ఉంది. లైల్ లేడన్న సంగతి అతనికి రోజూ కొత్తగానే తెలుస్తోంది.

రేవులో కర్టిస్ తన పడవ కట్టేసుకుంటున్నాడు. కాగితం మిల్లులో పనికి ఈమధ్యే ఊళ్లోకొచ్చాడు. అతనూ రోజూ ఒంటరిగానే వస్తాడు.

"ఏం పెద్దాయనా, ఏమైనా పడ్డాయా?"

"ఏదీ, ఒకటో అరో" అనాలి. అదే ఇక్కడి మర్యాద. అంటే కర్టిస్ తలూపి వెళ్లిపోతాడు. వేసవంతా జరిగింది అదే. ఇవాళ మాత్రం ఇంటికెళ్లి గోడల్ని చూస్తూ కూర్చోవాలంటే ఆరిన్‌కి భయమేసింది.

"బాగా పడ్డాయి అబ్బాయ్. మూడో స్తంభం కింద, రాళ్ల మీద. రేపు నేనూ అక్కడే ఉంటా. నా పక్కనే పడవేసుకో."

కర్టిస్ పగలబడి నవ్వాడు. "అబ్బో! మా ఊళ్లోనూ నది ఉంది పెద్దాయనా. నేను మరీ అంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా?"

"నిజం చెబుతున్నానయ్యా. పోయిన నా నేస్తం లైల్ మీద ఒట్టు!"

"పోయినవాళ్ల మీదైతే ఎన్ని ఒట్లయినా పెట్టొచ్చు లెండి!"

ముసలాయన తనతో వేళాకోళమాడాడన్న సంబరంతో కర్టిస్ వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆరిన్ పెందలాడే వెళ్లాడు. చేపలు బాగా పడే దిగువ వైపు కర్టిస్‌కి వదిలేసి, ఎగువన లంగరు వేసుకుని కూర్చున్నాడు. నది ఎర్రబడుతుండగా మోటారు చప్పుడు వినిపించింది. కర్టిస్ పడవే. ఆరిన్ లేచి నిలబడి చేయెత్తి పిలిచాడు.

"నన్ను నమ్మించడానికి మీరే వచ్చి కూర్చున్నారా?" కర్టిస్ నవ్వుతూ అరిచాడు. "ఘటికులే పెద్దాయనా! అయితే చేపలన్నీ ఆనకట్ట వైపున్నాయన్నమాట!"

పడవ ఆగకుండా ఎగువకు సాగిపోయింది.

కింద గాలం గుంజుతోంది. చేప పెద్దదే. ఆరిన్ దాని వంక చూడలేదు. మోటారు చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా చేయి ఊపుతూనే ఉన్నాడు.