పీకినోళ్ల కట్టె

కాంట్రాక్టర్ నాగరాజు మనుషులు నర్సింగమ్మ నెత్తిమీది పత్తికట్టె మోపును గుంజి ట్రాక్టరులో పడేశారు. ఆమె చెంప గీరుకుపోయి నెత్తురొచ్చింది. చెలక గట్టు మీద నిలబడి ఫర్హానా అంతా చూసింది.

ఆఖరి పత్తి ఏరినాక కట్టె ఎవరు పీకితే వాళ్లదే. కొత్తకోట పక్కనున్న ఆ ఊరి రివాజు అది. కూలీల పొయ్యి వానాకాలం దాకా దానితోనే మండుతుంది. ఇప్పుడు ఆ కట్టె రైసుమిల్లు పక్కన పెట్టిన గ్యాసు ప్లాంటుకు పోతోంది. ముక్కలు నరికి, పెద్ద ఇనుప పీపాలో చాలీచాలని గాలితో మగ్గబెడితే గ్యాసు వస్తుంది. ఆ గ్యాసుతో ఇంజను తిరిగి కరెంటు పుడుతుంది. ఊరంతా వెలుగన్నారు. వెలిగింది మిల్లొక్కటే.

సాయంత్రం ఆడకూలీలంతా బడి వరండాలో కూడారు. ఏ చెలకలో కట్టె పీకడం అయిందో ట్రాక్టరోళ్లకు ఎవరు చెబుతున్నారని ఒకరినొకరు నిలదీసుకున్నారు. చివరికి చూపులన్నీ ఫర్హానా తల్లి ఇక్బాల్ బీ మీద పడ్డాయి. ఆమె కొడుకు ఫహీం ఆ పీపాలో కట్టె పోసే పనిలో ఉన్నాడు.

"నిప్పు లేంది పొగ రాదు వదినె," అంది నర్సింగమ్మ.

బడిలో హాజరు కూడా గట్టిగా పలకని ఫర్హానా లేచి నిలబడింది.

"మా పొయ్యికి గూడ కట్టె లేదు పెద్దమ్మా. వచ్చి చూడుండ్రి."

నిజంగానే వెళ్లి చూశారు. పొయ్యి పక్కన చింపిన అట్టడబ్బాలున్నాయి. అయినా నర్సింగమ్మ ముఖం విచ్చుకోలేదు. రేపు ప్లాంటు కాడ తేలుతుందిలే అని వెళ్లిపోయింది.

తెల్లవారగానే ఆడకూలీలంతా ప్లాంటుకు పోయి కట్టె కుప్పను ఆక్రమించి కూర్చున్నారు. ఇక్బాల్ బీ జారుకోకుండా ఆమెను నడుమ కూర్చోబెట్టారు. నాగరాజు ఫహీం చేతికి గంప ఇచ్చి, మీ అమ్మను లేపి కట్టె తియ్యమన్నాడు.

ఫహీం తల్లి వైపు చూశాడు.

"ఈ కట్టె పీకింది మా అమ్మీ. ఆమెనే అడుగు సేఠ్," అని గంప బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

మేత లేని ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది.

నాగరాజు పిలిపించిన పోలీసులొచ్చి, ఇంజను ఆపాడని ఫహీంను జీపెక్కించారు. వెనక ఉరకబోయిన ఇక్బాల్ బీని నర్సింగమ్మ రెక్క పట్టి ఆపింది.

"ఉత్తచేతుల్తోని పోతమా వదినె?" అని మోపు కట్టి ఆమె నెత్తికెత్తింది.

ట్రాక్టరోళ్లకు చెప్పిందెవరో మాత్రం ఇంకా తేలలేదు. దారిపొడుగునా నర్సింగమ్మ ఒక్కొక్కరి ముఖం చూస్తూనే నడిచింది.

మధ్యాహ్నానికి స్టేషన్ గేటు ముందు మూడురాళ్ల పొయ్యిలు వరుసగా లేచాయి. అందరి మీదా కట్టె దొంగతనం కేసు పెడతానని ఎస్సై బెదిరించాడు.

"రాసుకో సారూ," అంది నర్సింగమ్మ. "పిలగాడు వచ్చినాంక, వాని బువ్వ వాడు తిన్నాంకనే లేస్తం."

ఫర్హానా అగ్గిపుల్ల గీసింది. ఎండుకట్టె చిటపటమని అంటుకుంది. రోడ్డు మలుపులో పక్కూరి ఆడవాళ్లు, నెత్తిన మోపులతో, ఇటే వస్తున్నారు.