పెద్దకోర్టు కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. నా గోడు వెళ్ళబోసుకునే ముందు మా తమ్ముడి మీద ఒక ఫిర్యాదు ఉంది. మేమిద్దరం ఒకే మానుకు పుట్టాం. మంచి చెక్కంతా నాకు పెట్టి, మిగిలిన ముక్కలతో వాణ్ణి సాక్షుల బోనుగా చేశాడు వడ్రంగి. నాకు చేతులున్నాయి, వీపుంది, తోలు దిండుంది. వాడికి ఉన్నవల్లా నాలుగు కమ్మీలు. అయినా ఈ మ్యూజియానికి వచ్చే పిల్లలు నా వంక చూడరు. వాడిలో దూరి ఫొటోలు దిగుతారు. నా చుట్టూ మాత్రం తాడు కట్టారు, ఎవరైనా కూర్చుంటారేమోనని. నాలో కూర్చున్నవారిని తలుచుకుంటే, నాలో కూర్చోవడం అంత గొప్ప విషయమేం కాదు.

రాష్ట్రంలో కలవకముందు మా కొండసీమకు ఈ మ్యూజియం భవనమే పెద్దకోర్టు. దాని పైన ఇక ఆకాశమే. జడ్జి తంగిరాల వేదాద్రిగారు. ఎండాకాలంలో కొండలెక్కి, డేరా వేసి తీర్పులు చెప్పేవారు. నచ్చనివాళ్ళు పెద్దకోర్టుకు అప్పీలు చేసుకుంటే, వానాకాలంలో ఇక్కడ కూర్చుని తన తీర్పు సబబో కాదో తానే విచారించేవారు. ఎప్పుడూ సబబుగానే ఉండేది. వండినవాళ్ళనే కూర ఎలా ఉందని అడిగితే ఏం చెబుతారు? డేరాకైనా హాలుకైనా మోయించుకెళ్ళేది నన్నే కనుక రెండు తీర్పులకూ నేనే ఆసనం.

కొర్రా బుద్రి అనే కొండమనిషి అప్పీలూ అలాంటిదే. పోడు చేసుకునేవాళ్ళు కొన్ని పంటలు తీశాక నేలను కొన్నేళ్ళు సాగు చెయ్యకుండా పడుకోబెడతారు. కొండమీద ఎవరినడిగినా చెబుతారు. వేదాద్రిగారు ఎవరినీ అడగలేదు. పొదలు మొలిచిన నేలను చూసి, ఆమె వదిలేసి పోయిందని డేరాలో తీర్పు చెప్పి, దున్నుకుంటానన్న షావుకారుకు ఇచ్చేశారు. బుద్రికి ఉన్నది ఆ నేల ఒక్కటే.

అప్పీలు విచారణ నాటికి జడ్జిగారికి మన్యం జ్వరం పట్టుకుంది. మైదానంలో అత్తవారింట చాలాకాలం మంచం దిగలేదు. తిరిగొచ్చి హాల్లో అడుగుపెట్టేసరికి నాలో గుమాస్తా సీతాపతి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. ఖాళీగా ఉంది గదా అని కూర్చున్నానండీ అంటూ నసిగాడు.

"జబ్బు చేసి పడుకున్నానయ్యా. కుర్చీ వదిలేసి పోయాననుకున్నావా?" అన్నారు వేదాద్రిగారు.

అప్పటికే బోనెక్కి నిలబడ్డ బుద్రి మెల్లగా అంది: "నా బూమికీ జొరమే బాబూ. పడుకోబెట్టినాను. ఒగ్గెయ్యనేదు."

హాలంతా నవ్వింది. నవ్వకుండా ఉంటే ఆయన ఒప్పుకునేవారేమో. చెవులు ఎర్రబడ్డాయి. దిండు మీద అటూ ఇటూ కదిలారు. కిందటి తీర్పే ఖాయం అన్నారు. మా కోర్టులో కొండవాళ్ళు గుప్పిట్లో తమ నేల మట్టి పట్టుకుని ప్రమాణం చేసేవారు. బుద్రి ఆ మట్టిని కొంగున ముడేసుకుని దిగిపోయింది. ఆ పూట నా కాలొకటి విరిగినా బాగుండుననుకున్నాను. టేకు కాళ్ళు, సిగ్గుతో విరగవు.

ఆ తరవాత ఆయన నాలో స్థిమితంగా కూర్చున్నది లేదు. దిండు మార్పించారు. అదీ పనికిరాలేదు. కుర్చీయే పడటం లేదని నామీద నెపం పెట్టారు. నేను కాదనలేదు.

మా కొండసీమ రాష్ట్రంలో కలిసింది. మా కోర్టు మూతపడే రోజు దండలు, ఫొటో. అన్నిటికన్నా లావు దండ షావుకారుది. బుద్రి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కోర్టు ఉన్నప్పుడల్లా వచ్చి అలా నిలబడటం ఆమెకు అలవాటైపోయింది. ఫొటో కోసం సీతాపతి నన్ను తుడిచి ముందుకు జరిపాడు. వేదాద్రిగారు నన్ను దాటుకుని వెళ్ళి, మా తమ్ముడిలో నిలబడ్డారు. బుద్రిని పిలిచి మట్టి అడిగారు. ఆమె కొంగు ముడి విప్పి మట్టి ఆయన చేతిలో పోసింది.

ఆయన గుప్పిట మూశారు. "రేపణ్ణుంచి నా పైన ఇంకో కోర్టుంది. అక్కడ అప్పీలు చేసుకో. సాక్ష్యానికి నేనొస్తాను. నీ నేల పడుకుందని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసే ఖాయం చేశాను." షావుకారు చేతిలో దండ కిందికి దించాడు. "తప్పు నాది, బుద్రీ."