అయిదో కుర్చీ

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ కేకులక్క ఒక్క క్రిస్మస్ కూడా తీరుబడిగా కూర్చుని ఎరగదు. ఊరంతా కొత్త బట్టలు వేసుకుని తిరిగే వేళకి ఆమె మోచేతుల దాకా మైదాపిండిలో ఉండేది. కేకులక్క అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, పిలిచింది ఎవరినా అని ఆమే వెనక్కి తిరిగి చూసేది.

దుకాణం చిన్నది. ముందు అద్దాల బీరువాలు, వాటి వెనక పొయ్యి గది, ఆ వెనక కిటికీ లేని స్టోర్ రూము. పిండికి తేమ తగలకూడదని స్టోరుకి మందపాటి చెక్క తలుపు పెట్టించారు. దాని గడియ ఎప్పుడో పాడైంది. మూసుకుందంటే బయటినుంచి తియ్యాల్సిందే, లోపలున్నవాళ్లు ఎంత లాగినా రాదు. అందుకని ఎవరు లోపలికెళ్లినా నూనె డబ్బా ఒకటి అడ్డం పెట్టుకుని వెళ్లేవారు. వడ్రంగిని పిలవాలని అందరూ అనుకుంటూనే ఉన్నారు, ఎవరూ పిలవలేదు.

పొయ్యి పని ఆమె మరిదిది. ముప్పై దాటినా ఇంట్లో అందరికీ వాడు చిన్నోడే. పెళ్లి మాటెత్తితే "ముందు ఈ కేకు పొంగనీ వదినా" అని తప్పించుకునేవాడు. వట్టి అల్లరి మనిషి. తలుపు చాటున నక్కి "భౌ" అనడం, చెప్పులు దాచిపెట్టడం, ఇలాంటి వాటికి వాడికి వయసు అడ్డు రాలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి ఓడ ఎక్కుదామన్న ఆలోచన కూడా వాడిదే. అత్తగారు, బస్సు డిపోలో మెకానిక్కయిన భర్త, ఆరేళ్ల కూతురు బొద్దు, తను, చిన్నోడు, అయిదుగురికీ టికెట్లు తీశారు. తీరా బయల్దేరే పొద్దున ఓ హోటల్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చి పడింది. కాదంటే ఏడాది పొడుగునా ఇచ్చే ఆర్డర్లు చేజారిపోతాయి. కేకులక్క సూట్‌కేసు పక్కన పడేసి జాకెట్టు చేతులు పైకి మడుచుకుంది. చిన్నోడు ఆ సూట్‌కేసు తెచ్చి మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వెళ్లు వదినా. అద్దంలో చూసుకున్నావా, మొహం ఎలా పీక్కుపోయిందో?"

"ఒక్కడివే ఎలా చేస్తావురా?"

"నువ్వుంటేనే ఆలస్యం. సగం టైము నాకు వంకలు పెట్టడానికే సరిపోతుంది నీకు."

ఆమె వద్దంటూనే వెళ్లింది. రేవుకి పోయే కారులో కూర్చున్నాక, నిజం చెప్పాలంటే, ఒళ్లు తేలికైంది కూడా.

ఓడ అంటే ఓడ కాదు, అంతస్తుల మీద అంతస్తులు పేర్చిన ఊరు. ఆ సాయంత్రం భోజనాల హాల్లో వాళ్లకి కిటికీ పక్క టేబుల్ ఇచ్చారు. అయిదు కుర్చీలు, అయిదు పళ్లేలు. అయిదో కుర్చీ కాస్త వెనక్కి జరిపి ఉంది. దాని ముందున్న గ్లాసు ఖాళీ, మిగతా నాలుగూ నిండుగా ఉన్నాయి.

"ఒక పళ్లెం తీసెయ్యండి, మేం నలుగురమే," అంది కేకులక్క.

వడ్డించే ఆయన నెరిసిన జుట్టు మనిషి. ఎంతమందికి వడ్డించాడో, మొహంలో విసుగన్నది లేదు. "సారు ఇందాకే వచ్చి వెళ్లారమ్మా. భోజనం వద్దన్నారు. మంచినీళ్లు మాత్రం మూడు జగ్గులు తాగారు. పాపం, ఎంత దాహమో!"

"ఏ సారు?"

"మీ సారేనమ్మా. ఈ టేబులే అన్నారు."

భర్త నవ్వాడు. "ఎవడో మన పళ్లెం మీద కన్నేశాడు," అన్నాడు. అందరూ నవ్వారు. కేకులక్క ఖాళీ గ్లాసు అటు జరపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసు చుట్టూ తెల్లటి వేలిముద్రలు ఉన్నాయి. దుకాణంలో తను రోజూ చూసే ముద్రలే. పిండి చేతుల్తో పట్టుకుంటే పడేవి.

మర్నాడు పొద్దున అత్తగారు సంబరంగా వాళ్ల గది తలుపు కొట్టింది. ఆవిడ గదిలో రెండు పడకలు. రెండోది చిన్నోడి కోసం తీసుకున్నది.

"వచ్చాడే అమ్మాయ్! మన దొంగవెధవ వచ్చేశాడు!"

ఆవిడ టిఫినుకి వెళ్లొచ్చేసరికి గది సర్దే అమ్మాయి బయట నిలబడి ఉందట. లోపల సారు గోడవైపు తిరిగి పడుకున్నారు, లేచాక సర్దుతాను అందట. తీరా తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. పడక మాత్రం మనిషి దొర్లి లేచినట్టే నలిగి ఉంది.

"మనల్ని హడలగొట్టాలని దాక్కున్నాడు. వాడి బుద్ధి నాకు తెలీదూ?" అంది అత్తగారు, కళ్లు మెరుస్తుండగా.

భర్త వెళ్లి కౌంటర్‌లో అడిగాడు. అక్కడి అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీవాళ్లు అయిదుగురూ ఎక్కినట్టే ఉందండీ," అంది. దాంతో ఇక అనుమానం లేకపోయింది. భర్తా కూతురూ వేటకి బయల్దేరారు. ఈత కొలను దగ్గరా, ఆటల గదుల్లోనూ, మెట్ల కిందా వెతికారు. కేకులక్కకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆర్డరు గాలికొదిలేసి వస్తాడా? కనపడనీ, చెవి మెలేస్తాను అనుకుంది. ఫోన్ చేద్దామంటే సముద్రం మధ్య సిగ్నల్ లేదు. కౌంటర్ దగ్గర ఓడవాళ్ల ఫోనుందని తెలుసు. అయినా ఓడలో ఉన్నవాడి కోసం దుకాణానికి ఫోన్ చేసేదేమిటి?

మధ్యాహ్నం బొద్దు ఒక్కత్తే వచ్చి తల్లి పక్కన చేరింది. ఆట మీద ఉత్సాహం పోయింది.

"బాబాయ్ కనిపించాడమ్మా. ఆ పొడుగు వరండాలో."

"మరి పట్టుకోలేదే?"

"పిలిచాను. పలకలేదు. ఒక్కో తలుపూ తట్టుకుంటూ పోతున్నాడు. ఎవ్వరూ తియ్యట్లేదు." తల్లి చెయ్యి పట్టుకుని, "ఇది ఆట కాదమ్మా, నాకు భయమేసింది," అంది.

కేకులక్క పిల్ల చెయ్యి పట్టుకుని వరండాకి వెళ్లింది. నీలం తివాచీ, రెండు పక్కలా ఒకేలాంటి తెల్ల తలుపులు. ఎవరూ లేరు. గాలి మాత్రం అదోలా ఉంది. ఓడంతా సబ్బు వాసన, సముద్రపు వాసన. అక్కడ మాత్రం మూసిపెట్టిన గదిలోని పొడి వాసన, పిండి బస్తాల వాసన. నాలుగు తలుపుల దాకా ఉండి, ఆ తర్వాత ఏమీ లేదు. భర్తతో చెబితే, "నీ ముక్కుకి నిద్దట్లో కూడా ఆ వాసనే కదా," అని కొట్టిపారేశాడు.

ఆ సాయంత్రం అత్తగారు అయిదో పళ్లెంలో కూడా తనే వడ్డించింది. వడ్డించే ఆయన వంగి కేకులక్కతో మెల్లిగా అన్నాడు. "అమ్మా, మీ సారు చేతులు చూపించండి డాక్టరుకి. వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచిపోయింది. కట్టు కడతానంటే వినిపించుకోలేదు. నీళ్లు తాగడం, వెళ్లిపోవడం."

"మాట్లాడాడా మీతో?"

"'నీళ్లు' అన్నారమ్మా. ఇంకో మాట లేదు."

క్రిస్మస్ పొద్దున ఓడ నడిబొడ్డున ఉన్న పెద్ద హాల్లో అందరూ చేరారు. అయిదారు అంతస్తుల ఎత్తున అలంకరించిన చెట్టు, చుట్టూ ప్రతి అంతస్తులోనూ అద్దాల గోడల వెనక నడిచే దారులు. ఎర్ర టోపీలు పెట్టుకున్న పిల్లలు పాటలు పాడుతున్నారు. బొద్దు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుంది. పైనుంచి ఎండ ధారగా పడుతోంది. ఇంత హాయిగా క్రిస్మస్ చూడ్డం ఇదే మొదటిసారి కదా అనుకుంటూ కేకులక్క చెట్టు చివరన ఉన్న నక్షత్రం వైపు తలెత్తింది.

నక్షత్రానికి అవతల, పై అంతస్తు అద్దం వెనక, చిన్నోడు నిలబడి ఉన్నాడు.

తల నుంచి కాళ్ల దాకా తెల్లగా పిండి. దుకాణంలో కట్టుకునే ఏప్రన్ ఒంటి మీద అలాగే ఉంది. రెండు పిడికిళ్లతో అద్దాన్ని బాదుతున్నాడు. ఒళ్లంతా ఊగిపోయేంత బలంగా బాదుతున్నాడు, కానీ చప్పుడు లేదు. నోరు తెరిచి అరుస్తున్నాడు. అది కూడా వినపడదు. వాడి వెనకగా ఓ ముసలి జంట చేతులు పట్టుకుని మాట్లాడుకుంటూ నడిచిపోయారు, వాడక్కడ లేనట్టే. కింద పిల్లల పాట సాగుతూనే ఉంది.

వాడు ఆమెను చూడటం లేదు. ఎవరినీ చూడటం లేదు. వాడి ముఖానికి ఎదురుగా ఉన్నదేదో, దాన్నే చూస్తూ బాదుతున్నాడు.

అద్దాన్ని ఎవరూ అలా బాదరు. తలుపుని బాదుతారు.

"ఏమండీ!" అంది. మళ్లీ అనకుండా పరుగెత్తింది. జనాన్ని తోసుకుంటూ, ఎవరి కాలో తొక్కుతూ కౌంటర్ దగ్గరికి వచ్చి పడింది. దుకాణం నంబరుకి చేయిస్తే మోగి మోగి ఆగిపోయింది. చిన్నోడి ఫోనుకి చేయిస్తే అదీ అంతే. అప్పుడు పక్కింటి చెప్పుల దుకాణం ఆయన గుర్తొచ్చాడు. ఆయన నంబరు ఆమెకి నోటికొచ్చు.

"క్రిస్మస్ శుభాకాంక్షలు కేకులక్కా! ఓడ ఎలా..."

"అన్నయ్యా, మా షట్టర్ తెరిచుందా?"

"మొన్న మధ్యాహ్నం నుంచీ దించే ఉంది కదమ్మా. హోటల్ వాళ్లొచ్చి తిట్టుకుంటూ పోయారు. చిన్నోడు కూడా మీతో ఓడెక్కాడనుకున్నాం అందరం."

"ఎక్కలేదు. నువ్వు ఇప్పుడే వెళ్లు. వెనక స్టోర్ రూము తలుపు తియ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను, ఫోన్ పెట్టెయ్యకు, పరుగెత్తు."

ఫోనులో చెప్పుల చప్పుడు, షట్టర్ గరగరా లేచిన చప్పుడు, ఆయన ఆయాసం. తర్వాత ఏదో బరువైనది కదిలిన మోత. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కౌంటర్ అమ్మాయి ఎప్పుడో లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుని నిలబడింది.

"ఉన్నాడమ్మా," అన్నాడు చెప్పుల దుకాణం ఆయన. "ఊపిరుంది. పెదాలు పగిలిపోయాయి. తలుపంతా నెత్తుటి మరకలే. అంబులెన్సుకి చేస్తున్నా, నువ్వు ఏడవకు."

పంచదార బస్తా కోసం లోపలికి వెళ్తే నూనె డబ్బా జారిందట. ఫోన్ ముందు గదిలో ఛార్జింగులో ఉండిపోయింది. బస్తాల వెనక, ఆ తలుపు వెనక ఎంత అరిచినా వీధిలోకి వినపడదు. వీధివాళ్లేమో వాడు సముద్రం మీద ఉన్నాడనుకున్నారు.

కేకులక్క తిరిగొచ్చి చెప్పేసరికి భర్త బొద్దుని భుజాల మీంచి దించాడు. అత్తగారు నమ్మలేదు.

"ఏమిటే ఆ మాటలు? వాడు ఇక్కడుంటే అక్కడెవరే? రాత్రి కూడా నా పక్క పడకలో మూలుగు విన్నాను. దాహం దాహం అంటుంటే నీళ్ల సీసా అందించాను. పొద్దున్నకి సీసా ఖాళీ!"

ఆవిడే ముందు నడిచింది. గదిలో రెండో పడక దుప్పటి నలగకుండా ఉంది. తలగడ మీద తల ఆనిన గుంట, ఆ గుంట నిండా సన్నటి తెల్ల పొడి. అత్తగారు దాన్ని వేలితో అద్ది నాలుకకి రాసుకుంది. చేతిరుమాలు తీసి ఆ పిండినంతా ఎత్తి మూట కట్టింది. ఆ మూట ఏం చేసిందో తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల హాల్లోకి వెళ్తే టేబుల్ మీద నాలుగు పళ్లేలే ఉన్నాయి. వడ్డించే ఆయన చిరునవ్వుతో వచ్చాడు.

"ఇవాళ సారు నీళ్లు వద్దన్నారమ్మా. తలుపు దాకా వచ్చి, చాలు అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయారు."

ఎప్పుడని అడిగే ధైర్యం కేకులక్కకి లేకపోయింది.

తర్వాతి రేవులోనే దిగి ఇంటి దారి పట్టారు. చిన్నోడికి ఆసుపత్రిలో చేతులకి కట్లు, సెలైన్. వారం తిరిగేసరికి లేచి కూర్చున్నాడు. ఇంకో వారానికి దుకాణానికి వచ్చి, ముందు గదిలో స్టూలు వేసుకుని అందరి మీదా పెత్తనం మొదలుపెట్టాడు. స్టోర్ రూము తలుపు అప్పటికే ఊడబీకించేశారు.

"సొమ్మసిల్లి పడిపోయాక నాకేం గుర్తులేదు," అని అడిగినవాళ్లందరికీ చెప్పేవాడు. "మొద్దునిద్ర. కలైనా రాలేదు."

ఒకరోజు గిరాకీ లేని వేళ ఇంటిల్లిపాదీ దుకాణంలోనే ఉన్నప్పుడు వాడే ఓడ మాట ఎత్తాడు.

"నా ఖర్మ కాలి ఆ ఓడ చూడనే లేదు. చెప్పు వదినా, ఎలా ఉంది? నేను లేని లోటు తెలిసిందా అసలు?"

"తెలీలేదురా," అనేశాడు అన్నగారు అలవాటైన ఎకసక్కెంతో. అనేశాక మొహం పాలిపోయింది.

"బాబాయ్, నువ్వు..." అని బొద్దు మొదలుపెట్టగానే నాయనమ్మ దాని నోట్లో బిస్కట్టు కుక్కింది.

చిన్నోడు అదేమీ గమనించలేదు. కట్లు విప్పిన చేతులు ఒళ్లో పెట్టుకుని, కథ వినే పిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. కేకులక్క ఆ చేతుల వైపు చూడకుండా పిండి పిసుకుతూ చెప్పుకొచ్చింది. ఎన్ని అంతస్తులో, కిటికీలోంచి సముద్రం ఎలా కనపడేదో, వరండాలు ఎంత పొడుగో, తివాచీలు ఏ రంగో. క్రిస్మస్ పొద్దున చెట్టు, ఎర్ర టోపీల పిల్లలు, పాటలు. నక్షత్రం దాకా వచ్చి ఆగింది.

"తర్వాత?" అన్నాడు చిన్నోడు.

"తర్వాతేముంది," అంది కేకులక్క. "ఇంటికొచ్చేశాం."