అక్క బొటనవేలి గాటు

అక్క కుడిచెయ్యి కార్ఖానాలో యంత్రం కింద పోయింది. ఆ సంగతి అక్క ఎత్తదు, మనమూ అడగొద్దు. దాని బదులు వచ్చిన సిలికాన్ చెయ్యి మాత్రం చూడముచ్చటగా ఉంది, గోళ్లతో సహా. వచ్చిన చిక్కల్లా దాని నునుపుతోనే. గ్లాసు పట్టుకుంటే సర్రున జారేది. అందుకు అక్క ఎలాగో సర్దుకుపోయింది. కన్నకూతురు ఆ చెయ్యి పట్టుకోకపోవడానికి మాత్రం సర్దుకోలేకపోయింది.

ఆ కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. ఆరేళ్లది, నిద్రలో తప్ప నోరు మూతపడదు. బడికి వెళ్లేటప్పుడు తల్లికి ఎడమ పక్కనే నడుస్తుంది. తల్లి ఎడమచేతి బొటనవేలి మీద డబ్బా మూత కోసిన పాత గాటొకటి ఉంది. దాన్ని రుద్దుతూ నడవడం ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి అలవాటు. ఆ చేతిలో సంచి ఉంటే సంచినే పట్టుకుంటుంది గానీ, కుడి పక్కకు ఛస్తే రాదు.

"దాన్నేం అనలేనురా," అంది అక్క ఓ రోజు తమ్ముడితో. "జారిపోతోందమ్మా అంటుంది. నాకేమో నేనే దాని చేతిలోంచి జారిపోతున్నట్టుంది."

ఎంత కష్టానికీ కళ్లు తడవని మనిషి ముక్కు తుడుచుకుంటుంటే తమ్ముడి మనసు చివుక్కుమంది.

అతని పని లేజరుతో ప్లాస్టిక్ మీద సన్నని గీతలు చెక్కడం. వెలుగుతో చెక్కడమంటే అదేదో మంత్రం అనుకునేరు! ఓపిక తప్ప అందులో ఏమీ లేదు. వెలుగును ఆగకుండా వదిలితే సిలికాన్ మాడి కంపు కొడుతుంది. అదే రెప్పపాటు కూడా పొడుగే అనిపించేంత పొట్టి దెబ్బలుగా కొడితే, వేడి పక్కకు పాకేలోపే పైపొర ఆవిరైపోతుంది. కింది పొరకు ఆ సంగతే తెలియదు.

అక్క సిలికాన్ చేతి పైతొడుగు మీద వేలిముద్రల గీతలు చెక్కి నునుపు పోగొడతానంటే పై అధికారి సరేనన్నాడు, "ముందు తుక్కు ముక్కలు పాడుచేసుకో, తర్వాత మీ అక్క చెయ్యి పట్టుకో" అని ఓ చురక అంటించి మరీ. తమ్ముడు అక్క ఎడమచేతి వేలిముద్రలు తీసి, అద్దంలో బొమ్మలా తిప్పి, తుక్కు మీద చెయ్యి కుదిరేదాకా చెక్కాడు. ఆ తర్వాత అసలు తొడుగు పెట్టాడు. నాలుగు వేళ్లు ముచ్చటగా వచ్చాయి. బొటనవేలిని భూతద్దం కింద పెట్టి చూసి, "చచ్చాంరా దేవుడా" అన్నాడు.

గీతలకు అడ్డంగా ఏటవాలుగా గాటు! ముద్రలోంచి దాన్ని తీసెయ్యాలని అతనికి తట్టనే లేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు కదా, అతని కంటికి అది అక్క వేలే గాని దెబ్బ కాదు. ఇక చెక్కేసినదాన్ని తిరిగి అతికించేదెలా?

తల దించుకుని తెచ్చి ఇచ్చాడు. "అక్కా, పని చెడగొట్టాను. కొత్త తొడుగు తెప్పిస్తానే."

అక్క తొడుక్కుని గ్లాసు పట్టుకుంది. జారలేదు. బొటనవేలు తిప్పి చూసుకుని, పడీపడీ నవ్వింది. "దొంగ వెధవా, దెబ్బ కూడా దించేశావా! ఉండనీరా, బానే ఉంది."

మర్నాడు బడికి బయల్దేరారు. అక్క కావాలనే సంచి ఎడమచేతికి తగిలించుకుంది. తమ్ముడు వెనకాలే నడిచాడు. పిల్ల అలవాటుగా సంచి పట్టుకోబోయింది.

"ఇటు రావే పిచ్చుకా, మీ మామయ్య ఏం చేశాడో చూద్దువుగాని," అంది అక్క.

పిల్ల అనుమానంగా కుడి పక్కకు వచ్చింది. ఒక్కో వేలూ తడిమింది. "గరగరలాడుతోందే!" అంది. బొటనవేలి దగ్గర ఆగిపోయింది.

"అమ్మా! నీ గాటు ఇక్కడికి కూడా వచ్చేసింది!"

"వచ్చేసిందే."

"అయితే ఇదీ నీ చెయ్యేనా?"

అక్క తలూపింది. పిల్ల ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, బడి కబుర్లు మొదలెట్టి, వేలితో గాటు రుద్దడం మొదలెట్టింది.

సిలికాన్‌కు స్పర్శ ఎక్కడిది? ఆ చిట్టి వేలు రుద్దుతోందో లేదో అక్కకు చూస్తేగానీ తెలియదు. అందుకని బడి దాకా కిందికి చూస్తూనే నడిచింది. ముందుకొచ్చి దారి చూసే పని తమ్ముడు తీసుకున్నాడు.