పైడి చేతులు

చీపురుపల్లి బడిలో మా అమ్మాయి పైడిని మూడో తరగతి మధ్యలోనే వద్దన్నారు. "మిగతా పిల్లలకి ఇబ్బందిగా ఉందమ్మా, మీరే ఇంట్లో చూసుకోండి" అని హెడ్‌మాస్టరు మహా మర్యాదగా చెప్పి, టీ కూడా ఇప్పించాడు. ఆ టీ తాగి వచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. పైడికి ఆటిజం. మాటలు ఓ పది పన్నెండు వచ్చు, అవీ దాని బుద్ధి పుట్టినప్పుడు. ఆ రోజు నుంచి మా ఇల్లే బడి, నేనే పంతులమ్మని.

విజయనగరంలో ఇలాంటి పిల్లల కోసం ఓ సెంటరు ఉంది. అక్కడి టీచరు జ్ఞానసుందరి గారు మొదటిరోజే తేల్చి చెప్పింది. "అఆలు తర్వాత చూద్దాం ఈశ్వరీ. నువ్వు పోయాక కూడా ఈ పిల్ల తన అన్నం తను వండుకుని తినాలి. ముందు ఆ పని చూడు." ఎంత కోపం వచ్చిందో! మా ఊరు గరివిడిలో బస్సు దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. దిగాక, ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం ఏముందని కళ్ళు తుడుచుకున్నాను.

ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలు కత్తిరించి, వెనక తెల్లవైపు బొమ్మలు వేశాను. బియ్యం కొలవడం ఒక బొమ్మ, కడగడం ఒక బొమ్మ, కుక్కర్ మూత పెట్టడం ఒకటి, మూడు విజిల్స్ ఒకటి. ఆఖర్న కంచం. మొత్తం పద్నాలుగు, వంటింటి గోడకి వరసగా అంటించాను. పైడికి మాట చెవికెక్కదు, బొమ్మ మాత్రం రాతి మీద చెక్కినట్టు నిలిచిపోతుంది. అయినా రెండేళ్ళు పట్టింది. ఎన్నిసార్లు బియ్యం నేలపాలయ్యాయో, ఎన్నిసార్లు విజిల్‌కి భయపడి మంచం కింద దూరిందో నాకు తెలుసు. చివరికి ఓ రోజు పదకొండు గంటలకి తనే లేచి వంటింట్లోకి వెళ్ళి అన్నం వండి, కంచంలో పెట్టుకుని తింది. కాస్త మాడింది. మిగిలింది నేను తిన్నాను. నా జీవితంలో అంత రుచైన అన్నం తినలేదు.

పదమూడో ఏట పైడి పెద్దమనిషి అయింది.

మా అత్త జగ్గమ్మకి పైడి అంటే ప్రాణం. దాని తలకి నూనె పెట్టేది, పడుకోబెట్టేది ఆవిడే. ఆ ప్రేమతోనే మొదలుపెట్టింది. "ఒసే ఈశ్వరీ, దీనికేటి తక్కువే? అందరి ఆడగుంటల్లాగే మూల కూకోబెడదాం, సుట్టాల్ని పిలుద్దాం. పదకొండు రోజులు దేన్నీ ముట్టకూడదు. వొంటింట్లోకి అసలు పోనీకు."

"అత్తా, రోజూ పొద్దున్న పదకొండు గంటలయితే అది వంటింట్లోకి పరిగెడతాది. ఆపితే తల బాదుకుంటాది" అన్నాను.

మా ఆయన తిరుమలరావు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "పదకొండు రోజులే కదే. కాదంటే అమ్మ మనసు కష్టపడతాది" అన్నాడు. ఆయనకి ఎప్పుడూ అమ్మ మనసే కనబడుతుంది.

మొదటిరోజు నేను చెప్పినట్టే అయింది. పదకొండయింది, పైడి తాటాకు చాప మీంచి లేచింది. అత్త కేకలు పెట్టింది, దాని మేనత్తలు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. పైడి నుదురు గోడకేసి కొట్టుకుంది. రక్తం వచ్చింది.

ఆ రక్తం చూసి నేను భయపడ్డాను. గుమ్మంలోవాళ్ళని పక్కకి నెట్టి పిల్లని వంటింట్లోకి పంపి ఉంటే సరిపోయేది. అంత ధైర్యం లేకపోయింది. నాకు చేతనైన పని చేశాను. కొత్తగా బొమ్మలు వేశాను. గిన్నె మీద ఎర్ర గీతలు, బియ్యం డబ్బా మీద ఎర్ర గీతలు, కంచం మీద ఎర్ర గీతలు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్న పిల్ల బొమ్మ ఇంకోటి. చేతులు వెనక్కి పెట్టినప్పుడల్లా నోట్లో నువ్వుల చిమ్మిలి ముక్క. అన్నం కూడా నేనే కలిపి తినిపించాను.

నాలుగో రోజుకి పైడి కదలకుండా కూర్చుంది. వచ్చిన చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకున్నారు. "ఎంత బుద్ధిమంతురాలే, బంగారం!" అన్నారు. "అంతా మా ఈశ్వరి నేర్పిందే" అన్నాడు మా ఆయన. నేనూ పొంగిపోయాను. అది చెప్పకపోతే ఈ కథ చెప్పడం దండగ.

పన్నెండో రోజు ఎర్ర గీతల బొమ్మలన్నీ చించేశాను. పదకొండు గంటలకి పైడి వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పైడీ, బియ్యం" అన్నాను.

"ముట్టకూడదు" అంది.

అంత స్పష్టంగా అది మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చెయ్యి పట్టి డబ్బాలో పెట్టబోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పద్నాలుగు బొమ్మలూ మళ్ళీ మొదట్నుంచి చూపించాను. చిమ్మిలి పెట్టాను, బతిమాలాను, ఒకరోజు కొట్టాను కూడా. ఐదు నెలలైంది. వండడం పోయింది, వడ్డించుకోవడం పోయింది, ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకోవడమూ పోయింది.

"పోన్లేవే, ఎవరో ఒకరం పెడతాం" అనేది అత్త.

గత నెల సెంటరుకి ఒక్కదాన్నే వెళ్ళాను. రోజూ నేనే తినిపించేదాన్ని, ఆ ఒక్కరోజు పన్నెండింటికి పైడికి అన్నం తినిపించమని అత్తకి చెప్పాను. ఆవిడకి రేషను డిపోకి వెళ్ళే తొందర. కంచం పైడి ముందు పెట్టి, ఆకలేస్తే అదే తింటుందిలే అనుకుని వెళ్ళిపోయింది. అక్కడ క్యూ సాగింది.

నేను వచ్చేసరికి మూడున్నర. పైడి కంచం ముందే కూర్చుని ఉంది. చేతులు వెనక్కి. అన్నానికి చీమలు పట్టాయి. దాని కళ్ళు మాత్రం కంచం మీదే ఉన్నాయి. నోరూరి కారిన చొంగ గడ్డం మీద చారలు కట్టింది.

వెనకాలే వచ్చిన అత్త సంచీ గుమ్మంలోనే పడేసింది. "ఓలమ్మా, నా తల్లే, ఎదర కూడెట్టుకుని తిన్నేదా!" అంటూ వేరే అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. పైడి మొహం తిప్పేసుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పేసుకుంది. ఆ ముద్ద నేను అందుకున్నాను. వెంటనే నోరు తెరిచింది. ఆత్రంలో నా వేళ్ళు కూడా కొరికింది.

"నీ సేత్తో అయితేనే తింటాదే" అంది అత్త కళ్ళొత్తుకుంటూ. అంత ఏడుపులోనూ కాస్త మురిసిపోయింది. "ఎంతయినా అమ్మ సెయ్యి కదా."

నాకు నలభై మూడేళ్ళు. బీపీ ఉంది. మా అమ్మ యాభై దాటకుండానే పోయింది. పైడి మళ్ళీ నోరు తెరిచింది, ఇంకో ముద్ద పెట్టాను.